తిప్పని రొట్టె: పొయ్యి చరిత్ర నుండి ఒక ధ్యానం

ధ్యాన వాక్యభాగం: హోషేయ 7వ అధ్యాయం, 4 నుండి 11 వచనాలు



సెమీ క్రిస్మస్ కూటాలు మొదలయ్యాయంటే మన అక్కాచెల్లెళ్ల నోట ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. "అయ్యగారూ, కేకు పైన మాడిపోతున్నది, నడుమ పచ్చిగనే ఉంటున్నది. ఏం చేయాలె?" కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ అని ఇప్పుడు వేర్వేరు జిల్లాల పేర్లు చెప్పుకుంటున్నాం గాని, 2016 అక్టోబరు 11 దాకా ఇవన్నీ కరీంనగర్, ఆదిలాబాద్ అనే రెండు జిల్లాలే. ఈ ఊళ్లలో ఇప్పుడు చిన్న కరెంటు ఓవెన్లు చాలా ఇళ్లకు వచ్చాయి. భర్తో కొడుకో దుబాయిలో, మస్కట్‌లో కష్టపడి పంపిన డబ్బుతో కొన్నవి కొన్ని. పండుగకు కేకు ఇంట్లోనే చేసుకుందామనే ఆశ మంచిదే. కాని ఓవెన్ కొనడం సులువు, దానిలో రొట్టెను సమంగా కాల్చడం కష్టం.

వంట సంగతి పాస్టరుకు ఎందుకు అని మీరు అనుకోవచ్చు. పరిశుద్ధ గ్రంథంలో ఒక ప్రవక్త ఒక జనాంగం మొత్తాన్ని సరిగ్గా ఈ వంటింటి సమస్యతోనే పోల్చాడు. ఒక పక్క మాడి, మరో పక్క పచ్చిగా మిగిలిన రొట్టె అన్నమాట. ఆయన మాట అర్థం కావాలంటే మనుషులు రొట్టెను ఎలా కాలుస్తూ వచ్చారో తెలియాలి. ఆ చరిత్ర తెలిస్తే మీ ఓవెన్ సంగతి కూడా తెలుస్తుంది. రెండింటికీ పనికొస్తుందనే ఈసారి ఈ వ్యాసం రాస్తున్నాను.

ప్రవక్త చూసిన రొట్టె

హోషేయ క్రీస్తుకు పూర్వం ఎనిమిదవ శతాబ్దంలో ఉత్తర ఇశ్రాయేలులో ప్రవచించాడు. రెండవ యరొబాము ఏలిన కాలంలో దేశంలో డబ్బుకు కొదువ లేదు. బలిపీఠాలున్నాయి, పండుగలున్నాయి. ఆయన చనిపోయిన తరువాత రాజ్యం కుదురు తప్పింది. జెకర్యా, షల్లూము, పెకహ్యా, పెకహు అనే నలుగురు రాజులు ఒకరి తరువాత ఒకరు కుట్రలకు బలైపోయారు. చివరికి క్రీ.పూ. 722 ప్రాంతంలో షోమ్రోను అష్షూరు చేతిలో పడిపోయింది.

ఆ కుట్రల కాలాన్ని వర్ణించడానికి హోషేయ రొట్టెలు కాల్చేవాని పొయ్యిని ఎన్నుకున్నాడు. పిండి పిసికినప్పటి నుండి అది పులిసి పొంగేదాకా రొట్టెలవాడు పొయ్యిని ఎగదోయడు, ఊరకే ఉంచుతాడు. రాత్రంతా నిప్పు నివురు కింద నిద్రపోయి తెల్లవారగానే భగ్గున లేస్తుంది. కుట్రదారుల మనసులు కూడా అలాంటివే అన్నాడు ప్రవక్త. మన ఇళ్లలో పిడకల నిప్పును బూడిద కప్పి తెల్లారేదాకా కాపాడిన పెద్దమ్మలను చూసినవారికి ఈ పోలిక వెంటనే తెలుస్తుంది. హోషేయకు ఈ పని దగ్గరగా తెలుసు.

ఆ వెంటనే ఎనిమిదవ వచనంలో ఎఫ్రాయిమును తిప్పకుండా వదిలేసిన రొట్టె అంటాడు. అక్కడ వాడిన హెబ్రీ మాట "ఉగా". వేడి రాళ్ల మీదో నిప్పుల మీదో కాల్చే పలుచని గుండ్రని రొట్టె అది. 1 రాజులు 19లో బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయా తల దగ్గర దేవదూత ఉంచినదీ ఇలాంటి రొట్టే. దానికి వేడి కింది నుండి మాత్రమే అందుతుంది. తిప్పకపోతే కింది పక్క బొగ్గవుతుంది, పై పక్క తడిపిండిగా ఉంటుంది.

ఆదిలాబాద్ వైపు జొన్న రొట్టె చేసే అమ్మలకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. వేడి నీళ్లతో పిండి కలిపి, చేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడిచేయి రాస్తారు. ఆ తడి ఆరుతుండగానే తిప్పుతారు. ఆఖరికి నిప్పుల సెగకు ఆనించి పొంగిస్తారు. ఆ రొట్టె పొయ్యి దగ్గర ఉన్నంతసేపు తల్లి కన్ను దాని మీదే ఉంటుంది. తిప్పడం ఒక్క క్షణం ఆలస్యమైతే రొట్టె పాడైనట్టే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. నిప్పు లేదని ప్రవక్త ఫిర్యాదు చేయలేదు. నిప్పు బాగానే ఉంది. పిండి చెడ్డదని కూడా అనలేదు. వేడి ఒక పక్కకే అందిందని, రెండో పక్కను ఎవరూ నిప్పుకు చూపలేదని ఆయన బాధ.

నాలుగు పక్కల వేడి

ఒక పక్క నుండి వచ్చే వేడితో మనిషి వేల ఏళ్లుగా పోరాడుతూనే ఉన్నాడు. మొదటి ఉపాయం తిప్పడం. రెండో ఉపాయం, రొట్టె చుట్టూ వేడి ఉండేలా పొయ్యినే మార్చడం.

బైబిలు దేశాల్లో దానికి తన్నూరు అని పేరు. మట్టితో చేసిన పొడవాటి గొట్టంలాంటి పొయ్యి అది. లోపల నిప్పు వేసి గోడలు బాగా కాగేదాకా ఆగుతారు. తరువాత పిండిని చేత్తో సాగదీసి లోపలి గోడకు అతికిస్తారు. వెనుక గోడ నుండి వేడి, ఎదుటి గోడ నుండి సెగ, కింది నిప్పుల నుండి వచ్చే కాక, మూడూ కలిసి రొట్టెను రెండు పక్కలా కాలుస్తాయి. తిప్పే పని లేదు. పాత అక్కదు భాషలోని "తినూరు", హెబ్రీలోని "తన్నూర్", అరబ్బీలోని "తన్నూర్", మన దేశంలోని "తందూర్", ఇవన్నీ ఒకే మాట వంశం. గల్ఫ్‌లో పనిచేసే మన తమ్ముళ్లు రోజూ తినే ఖుబ్బూసుకు కూడా పాత పొయ్యి ఇదే.

లేవీయకాండము 2వ అధ్యాయం చూడండి. నైవేద్యం తెచ్చేవారిని మూడు రకాలుగా చెబుతుంది: పొయ్యిలో కాల్చినది తెచ్చేవారు, పెనం మీద కాల్చినది తెచ్చేవారు, కుండలో వండినది తెచ్చేవారు. అందరి ఇళ్లలో ఒకే పొయ్యి ఉండదని దేవునికి తెలుసు. తన్నూరు లేని ఇంటి పెనం రొట్టె కూడా ఆయన బలిపీఠం దగ్గర చెల్లింది.

అదే గ్రంథం 26వ అధ్యాయంలో కరువును వర్ణించేటప్పుడు పదిమంది స్త్రీలు ఒకే పొయ్యిలో రొట్టెలు కాల్చుకొని, వాటిని తూచి పంచుకొనే రోజు వస్తుందని హెచ్చరిక ఉంది. అక్కడ అది శాపం. మన పల్లెల్లో మాత్రం డిసెంబరు నెలలో ఒక ఇంటి ఓవెన్ చుట్టూ నాలుగైదు ఇళ్ల కేకు గిన్నెలు వరుసలో ఎదురుచూస్తుంటాయి. కరువు గుర్తుగా చెప్పిన దృశ్యం ఇలా పంచుకోవడంగా మారినప్పుడల్లా నేను దేవునికి స్తోత్రం చెబుతాను.

తన్నూరు తరువాతి మెట్టు ఇటుక పొయ్యి. ఇటలీలోని పోంపేయి పట్టణం క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయింది. తవ్వకాల్లో అక్కడి రొట్టెల దుకాణాలు, గుమ్మటంలాంటి ఇటుక పొయ్యిలు, వాటిలోనే నల్లగా మిగిలిన రొట్టెలు దొరికాయి. ఈ పొయ్యిలో కట్టెలు మండించి, ఇటుకలు కాగిన తరువాత నిప్పును పక్కకు నెట్టి గాని తీసేసి గాని రొట్టెలు పెడతారు. అంటే రొట్టెను కాల్చేది మంట కాదు, మంటను తాగి దాచుకున్న ఇటుక. మంట ఎగసిపడుతుంది, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ అవుతుంది. ఇటుక నెమ్మదిగా, అన్ని వైపులా ఒకే తీరుగా వేడిని వదులుతుంది.

హైదరాబాదు పాత బేకరీల కట్టెల భట్టీ పనిచేసేదీ ఇలాగే. అందులోనూ లోపలి మూల వేడి వేరు, వాకిలి దగ్గరి వేడి వేరు. అందుకే భట్టీ కార్మికుడు పొడుగాటి కర్ర తెడ్డుతో ట్రేలను లోపలి నుండి బయటికి, బయటి నుండి లోపలికి మారుస్తూనే ఉంటాడు. పండుగ ముందు రోజుల్లో హైదరాబాదు, సికింద్రాబాదు క్రైస్తవ కుటుంబాలు ఇంట్లో కలిపిన కేకు పిండిని బేకరీకి తీసుకెళ్లి కాల్పించుకునే అలవాటు చాలా కాలం నుండి ఉన్నది. కేకు సంగతి చూస్తే, కేరళలోని తలశ్శేరిలో 1883లో మాంబల్లి బాపు అనే బేకరీ యజమాని ఒక ఇంగ్లీషు దొర తెచ్చిన కేకును రుచి చూసి, మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకును కాల్చాడని చెప్పుకుంటారు. ఆ కేకు మన పల్లెలకు చేరేసరికి ఇంట్లో ఓవెనూ లేదు, దగ్గరలో భట్టీ కూడా లేదు.

మన సర్వ చెప్పే పాఠం

అయితే మన ప్రాంతానికి సమంగా కాల్చే విద్య తెలియదనుకోవద్దు. కరీంనగర్ ఇంట్లో పుట్టినవారెవరైనా సర్వపిండి తినే పెరుగుతారు. కొన్నిచోట్ల దీన్నే గిన్నప్ప అంటారు, కొన్నిచోట్ల తపాల చెక్క అంటారు. పేరు గమనించండి: సర్వ, గిన్నె, తపాల. మూడూ పాత్రల పేర్లే. వంటకానికి పిండి పేరు కాకుండా పాత్ర పేరు పెట్టారంటే, అసలు రహస్యం పాత్రలో ఉందని మన పూర్వికులకు తెలుసు.

బియ్యం పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు వేసి కలుపుతారు. గుండ్రటి అడుగున్న పాత్ర లోపల నూనె రాసి, పిండిని అడుగున, గోడలకు అంతటా ఒకే మందంలో ఒత్తుతారు. వేలితో అక్కడక్కడ బొక్కలు పెట్టి వాటిలో చుక్క చుక్క నూనె పోస్తారు. మూత పెట్టి సన్నటి మంట మీద ఉంచుతారు. మధ్య మధ్య పాత్రను పక్కలకు వంచి, గోడలకూ సెగ తగిలేలా తిప్పుతారు.

ప్రతి పనికీ కారణం ఉంది. ఒకే మందం ఎందుకంటే, మందంగా ఉన్నచోట పచ్చిగా, పలుచగా ఉన్నచోట మాడిపోతుంది గనుక. బొక్కలు ఎందుకంటే, నూనె పిండి కిందికి దిగి పాత్రకూ పిండికీ నడుమ వేడిని అంతటా పరుస్తుంది. లోపలి ఆవిరికీ దారి దొరుకుతుంది. మూత ఎందుకంటే, పై పక్కను తిప్పే వీలు లేదు గనుక ఆవిరితోనే ఉడకాలి. రెండో సర్వపిండి ఒత్తే ముందు పాత్ర మీద నీళ్లు పోసి చల్లార్చడం ఎందుకంటే, కాగిన పాత్రకు తగిలిన పిండి తగిలిన చోటే గట్టిపడి సమంగా పరుచుకోదు. తిప్పలేని వంటను సమంగా ఎలా కాల్చాలో ఇంతకంటే మంచి పాఠం ఏ వంటల పుస్తకంలో ఉంటుంది?

నిజాము కాలంలో మన రెండు జిల్లాలూ హైదరాబాదు రాజ్యంలోనివే. 1905 దాకా కరీంనగర్ జిల్లాకు ఎలగందల జిల్లా అనే పేరు ఉండేది. ఆ రాజ్యం రాజధాని వంటిళ్లలో బిర్యానీకి దమ్ము పెట్టడం కూడా ఇదే ఆలోచన. పాత్ర మూతిని పిండితో మూసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెడతారు. పైనా కిందా నిప్పు, నడుమ అన్నం. ఓవెన్ లేని ఇళ్లలో కేకు చేసినవారు కూడా ఈ దారే పట్టారు. పెద్ద గిన్నెలో ఇసుక పోసి కాచి, దాని మీద కేకు గిన్నె ఉంచి, మూత మీద బొగ్గులు పరిచేవారు. ఇసుక ఎందుకు? పోంపేయి ఇటుక చేసిన పనినే అది చేస్తుంది. మంట దూకుడును తాగి, నెమ్మదిగా పంచుతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల పథకం వల్ల కట్టెల పొయ్యి ఉన్న ఎన్నో ఇళ్లకు గ్యాసు వచ్చింది. బొగ్గుల స్థానంలో కుక్కర్ వచ్చింది. విజిలు, రబ్బరు తీసేసి, అడుగున ఇసుకో ఉప్పో పోసి కేకు చేయడం అందరూ నేర్చుకున్నారు. అందులో ఒక లోపం ఉంది. పైన నిప్పు లేదు. అందుకే కుక్కర్ కేకు మెత్తగా ఉడుకుతుంది గాని పైభాగం తెల్లగా ఉండిపోతుంది. ఓవెన్ కేకుకు సాధారణంగా దీనికి ఎదురు కష్టం వస్తుంది.

అంకె వచ్చింది, అనుమానం పోలేదు

పశ్చిమ దేశాల్లో కూడా ఇంటి పొయ్యికి అంకెలు వచ్చి వంద ఏళ్లే అవుతుంది. అంతకు ముందు గృహిణులు పొయ్యిలో తెల్ల కాగితం పెట్టి అది ఎంతసేపటికి ఎర్రబడుతుందో చూసేవారు. పిడికెడు పిండి చల్లి రంగు చూసేవారు. చేయి లోపల పెట్టి ఎన్ని లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలరో చూసేవారు. ఇంగ్లండులో జేమ్స్ షార్ప్ 1826లో గ్యాసు పొయ్యికి పేటెంటు తీసుకున్నాడు. 1923లో "రెగ్యులో" అనే ఉష్ణ నియంత్రకం ఇంటి గ్యాసు ఓవెన్లకు వచ్చింది. అప్పటి నుండి బిళ్ల తిప్పి అంకె పెట్టి నిశ్చింతగా ఉండొచ్చు అనుకున్నారు. 1945లో విలియం మాక్సన్ అనే అమెరికా మనిషి విమానాల్లో గడ్డకట్టిన భోజనాన్ని వేడిచేయడానికి ఫ్యాను ఉన్న ఓవెన్ తయారు చేశాడు. లోపలి గాలిని ఫ్యాను కదిలిస్తూ ఉంటే మూలమూలకూ వేడి అందుతుంది. ఇప్పటి ఓవెన్లలో ఉండే ఫ్యాను చేసే పని కూడా ఇదే.

ఇన్ని వచ్చినా కేకు ఎందుకు మాడుతుంది? వేడి మూడు దారుల్లో వస్తుంది గనుక. రాడ్ల నుండి సూటిగా సెగ తగులుతుంది. వేడి గాలి కదిలి తాకుతుంది. గిన్నె లోహం గుండా వేడి పాకుతుంది. ఈ మూడూ సమంగా ఉండవు. చిన్న ఓవెన్‌లో పై రాడు కేకుకు జానెడు దూరంలోనే ఉంటుంది గనుక సెగ ముందు గెలుస్తుంది. పైగా ఓవెన్ వేడి ఒకేచోట నిలబడదు. 180 దగ్గర పెడితే రాడు ఎర్రబడుతుంది, ఆరుతుంది, మళ్లీ ఎర్రబడుతుంది. లోపలి వేడి ఆ అంకెకు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది.

కేకు లోపలి సంగతి కూడా తెలుసుకోండి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. లోపల తడి ఉన్నంతకాలం నడిమి భాగం అంతకు మించి వేడెక్కదు. పైపొర ఆరిపోయిన వెంటనే 140 డిగ్రీలు దాటి ఎర్రబడుతుంది, ఆ తరువాత నల్లబడుతుంది. అంటే పైన రంగు వచ్చిందంటే పైన తడి ఆరిందని అర్థం. నడుమ ఉడికిందని అర్థం కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం కష్టం తీరుతుంది.

ఇక చేయవలసినవి చెబుతాను, రాసిపెట్టుకోండి.

ముందుగా, ఖాళీ ఓవెన్‌ను పదిహేను ఇరవై నిమిషాలు కాగనివ్వండి. గాలి వేడెక్కితే చాలదు, గోడలు కాగాలి. తన్నూరు కాలం నుండి ఉన్న నియమం ఇది.

రెండవది, మన ఊళ్ల కరెంటు. 230 వోల్టులకు చేసిన రాడుకు 180 వోల్టులే వస్తే అది ఇవ్వవలసిన వేడిలో వందకు అరవై పాళ్లే ఇస్తుంది. సాయంత్రం మోటార్లు, బల్బులు అన్నీ నడిచే వేళ కాకుండా వోల్టేజీ బాగున్న వేళ చూసి పెట్టండి. కాగడానికి ఇంకొంత సమయం ఇవ్వండి.

మూడవది, గిన్నె. అల్యూమినియం వేడిని స్టీలు కంటే దాదాపు పదిహేను రెట్లు బాగా పాకిస్తుంది. స్టీలు గిన్నెలో వేడి తగిలిన చోటే నిలిచిపోయి అక్కడే మాడుతుంది. నల్లటి గిన్నె సెగను ఎక్కువ తాగుతుంది, మెరిసే గిన్నె తక్కువ తాగుతుంది. అందుకే నల్ల గిన్నె అయితే వేడి కొంచెం తగ్గించండి. అడుగున, పక్కలకు కాగితం వేయండి. పక్కలు ముందుగా గట్టిపడి నడుమ గుట్టలా పొంగుతుంటే, గిన్నె చుట్టూ తడిపిన గుడ్డ పట్టీ కట్టండి. అది రాడుకు తగలకుండా చూసుకోండి.

నాలుగవది, ఎత్తు. కేకు గిన్నెను నడిమి జాలీ మీద ఓవెన్ నడుమ పెట్టండి, గోడలకు ఆనించొద్దు. గాలి తిరగడానికి చుట్టూ చోటు కావాలి. ఒకేసారి నాలుగు గిన్నెలు ఇరికిస్తే దేనికీ గాలి అందదు. గిన్నెలో పిండి మరీ మందంగా పోయొద్దు. మందం రెండింతలైతే నడుమకు వేడి చేరే సమయం రెండింతలతో ఆగదు, నాలుగింతల దాకా పోతుంది.

ఐదవది, వేడి. మామూలు కేకుకు 170 నుండి 180, పండ్ల ముక్కలు వేసిన బరువైన కేకుకు 150 నుండి 160 చాలు. పైన త్వరగా ఎర్రబడితే కాగితం కప్పండి, లేదా పై రాడు ఆపేసి కింది రాడు మాత్రం ఉంచండి.

ఆరవది, హోషేయ చెప్పినది. తిప్పండి. కేకును బోర్లించమని కాదు, గిన్నెను అటు పక్క ఇటు వచ్చేలా మళ్లించమని. చాలా ఓవెన్లలో వెనుక ఒక వేడి, వాకిలి దగ్గర ఒక వేడి ఉంటుంది. అయితే తొందరపడొద్దు. మొదటి సగంలో తలుపు తీస్తే పొంగిన పిండి కుంగిపోతుంది. మూడింట రెండు వంతుల సమయం అయ్యాక ఒక్కసారి తలుపు తీసి, చప్పున తిప్పి, మూసేయండి. చివరికి నడిమధ్యలో పుల్ల గుచ్చి చూడండి. అంచున గుచ్చి అయిపోయిందని మురిసిపోవద్దు. పరీక్ష ఎప్పుడూ నడుమనే.

పచ్చిగా మిగిలిన పక్క

ఇప్పుడు మళ్లీ ప్రవక్త దగ్గరకు వద్దాం. ఎఫ్రాయిము అన్యజనులతో కలిసిపోయాడనే మాట అదే వచనంలో ఉంది. దాన్ని పట్టుకొని వేరే వారితో కలవొద్దు, కూర్చోవద్దు అని బోధించేవారు ఉన్నారు. 11వ వచనం దాకా చదవండి. ఒకసారి ఐగుప్తును పిలుస్తూ, మరోసారి అష్షూరు దగ్గరికి పరుగెత్తే బుద్ధిలేని పావురం గురించి ఆయన చెబుతున్నాడు. దేవుని నమ్మక బలవంతుల అండ వెతకడం గురించి ఆ మాట. పొరుగువాడితో కలిసి అన్నం తినడం గురించి కాదు.

ఇశ్రాయేలుకు కాలిన పక్క ఏమిటి? బలులు, పండుగలు, పాటలు. పచ్చి పక్క ఏమిటి? హోషేయ 4వ అధ్యాయం మొదట్లోనే చెప్పాడు: సత్యం లేదు, కనికరం లేదు, దేవుని గూర్చిన జ్ఞానం లేదు. అబద్ధ సాక్ష్యం, దొంగతనం, నరహత్య ఉన్నాయి. పైనుండి చూస్తే రొట్టె ఎర్రగా ఉంది. విరిచి చూస్తే పిండి.

మనలను మనం విరిచి చూసుకుందామా? ఆదివారం తెల్ల బట్టలు, సోమవారం కూలి డబ్బుల దగ్గర మోసం. స్తుతి ఆరాధనలో కన్నీళ్లు, ఇంట్లో భార్య మీద చేయి. ఇవి మనకు తెలిసినవే, ప్రతి పాస్టరూ చెప్పేవే. వీటికంటే లోతుగా పచ్చిగా మిగిలిన పక్క ఒకటి ఉంది. దాని గురించి మనం అంతగా మాట్లాడుకోం.

తెలుగు నేల మీద సువార్త ఎక్కువగా మాల, మాదిగ వాడల్లో నాటుకుంది. ఊరు దూరం పెట్టిన మన తాతలను ప్రభువు దగ్గరికి తీసుకున్నాడు. వాళ్లు చాలాచోట్ల వాడకు వాడగా, కులానికి కులంగా వచ్చారు. అలా వచ్చినందుకు వారిని తప్పుపట్టలేం, అప్పుడు మనుషులు బతికినదే అలా. కాని తాతలు వచ్చిన తీరులోనే మనుమలు ఉండిపోతే అది తిప్పని రొట్టె. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తింటాం. పెళ్లి సంబంధం మాట రాగానే, సంఘ కమిటీ ఎన్నికలు రాగానే, కొత్త పాస్టరు ఎవరని అడగగానే వాడ గుర్తొస్తుంది. ఊరు మనను చూసినట్టు మనలో మనం ఒకరినొకరు చూసుకుంటాం. మూడు నాలుగు తరాలుగా నిప్పు మీదే ఉన్నాం. ఆ పక్కకు మాత్రం వేడి తగలనివ్వలేదు.

వేడి అందడం గురించి కూడా ఆలోచించండి. ఓవెన్‌లో రాడు దగ్గర ఉన్నది మాడుతుంది, దూరాన ఉన్నది పచ్చిగా ఉంటుంది. సంఘంలో కూడా అంతే. పాస్టరు వెళ్లే ఇళ్లు కొన్నే ఉంటాయి, మైకు అందే చేతులు కొన్నే. భర్త గల్ఫ్‌లో ఉండి ఒంటరిగా పిల్లలను సాకే అమ్మ వెనుక వరుసలో కూర్చొని వెళ్లిపోతుంది. ఇటుక బట్టీలో పనికి వచ్చిన ఒడిశా కుటుంబం గుడి బయటే నిలబడుతుంది. మనం మంట పెంచుతాం, ఇంకో కూటం పెడతాం, ఇంకో స్పీకరు బాక్సు తెస్తాం. మంట పెంచితే కాలిన పక్క ఇంకా మాడుతుంది, పచ్చి పక్క పచ్చిగానే ఉంటుంది. రొట్టె చేసే ఏ అమ్మను అడిగినా ఈ మాటే చెబుతుంది.

మరి తిప్పేది ఎవరు? రొట్టె తనంతట తాను తిరగదు. హోషేయ గ్రంథంలోని ఒక సంగతి నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. తిప్పని రొట్టె అన్నచోట ఉన్న హెబ్రీ మాట "హాఫక్" అనే ధాతువు నుండి వచ్చింది, తలకిందులు చేయడం అని దాని అర్థం. అదే ధాతువు మళ్లీ 11వ అధ్యాయం 8వ వచనంలో వస్తుంది. అక్కడ ఎఫ్రాయిమును ఎలా విడిచిపెట్టగలనని దేవుడు తనలో తాను మథనపడుతున్నాడు. తన హృదయమే లోపల తిరగబడిపోయిందని అంటున్నాడు. ఎఫ్రాయిము తిరగలేదు. దేవుని గుండె తిరిగింది. శిక్షించవలసినవాడే కనికరం వైపు తిరిగాడు.

మనకున్న నిరీక్షణ అదే, ప్రియులారా. మనలను నిప్పు మీద వదిలేసి వెళ్లిన వంటవాడు కాదు ఆయన. రొట్టె దగ్గర కూర్చున్న తల్లిలాగా కన్ను మన మీదే ఉంచాడు. ఆయన తిప్పేటప్పుడు మనకు నొప్పిగానే ఉంటుంది. దాచుకున్న పక్క సెగకు తగులుతుంది గదా. మన వాడ కాని ఇంట్లో ఈ పండుగకు కూర్చొని తిందాం. మన బంధువు కాని పిల్ల పెళ్లికి మన ఇంటి పెళ్లిలాగా నిలబడదాం. ఈ ఆదివారం వెనుక వరుసలో కూర్చున్నవారి పేరు అడిగి తెలుసుకుందాం. ఒక్కసారికే అంతా మారదు. నడిమి భాగం ఉడకడానికి సమయం పడుతుంది, ఓపిక పట్టాలి. కాని ముందు తిరగాలి.

ఓవెన్ ఉన్న ఇల్లు పక్కింటి కేకుకు కూడా చోటివ్వండి. కాలిన కేకులో మొదటి ముక్కను మీ వాడ దాటి పంపండి.

మన ప్రభువైన యేసుక్రీస్తు కృప, తండ్రియైన దేవుని ప్రేమ, పరిశుద్ధాత్మ సహవాసం మీకందరికీ తోడై ఉండును గాక. ఆమేన్.